గంగాలమ్మ వేలు

నవంబర్ 3, సోమవారం

పాలిచ్చేటప్పుడు చేతికి ఏదో ఒక పని ఉండాలి. లేకపోతే నోటికి పని పడుతుంది, నోరు తెరిస్తే అరుపే వస్తుంది. అందుకని ఇది రాస్తున్నాను. కుడిచేతిలో పాప, ఎడమ బొటనవేలితో టైపింగు. షాపులో ఒక చేత్తో తాను విప్పుతూ ఇంకో చేత్తో వాట్సాప్‌లో రేటు పెట్టేదాన్ని, నాకు ఇదొక లెక్కా.

పాప పోయిన వారం తుఫాను వానలో పుట్టింది. పేరింకా పెట్టలేదు. మా అత్త గంగాలమ్మ ‘గుంట’ అంటుంది, ఆడపిల్లని ఇక్కడ అలాగే అంటారు. మా ఆయన వాసు వేటకి వెళ్లేముందు ‘బంగారం’ అన్నాడు. నేను ‘మేడమ్‌గారు’ అంటున్నాను, ఎందుకంటే ఏది చూపించినా నచ్చదు. ఇటు తిప్పితే ఏడుపు, అటు తిప్పితే ఏడుపు, పట్టుకుందా, ఇక కొరుకుడే. పళ్లు లేవు కదా అనుకుంటారు జనం. చిగుళ్లు చాలు.

పూర్ణా మార్కెట్లో మ్యాచింగ్ సెంటర్ పెట్టిన కొత్తలో బోణీ కోసం మధ్యాహ్నం దాకా ఎదురుచూసిన రోజులున్నాయి. తర్వాత కూర్చోడానికి కూడా ఖాళీ లేకపోయింది. ఇదీ అంతే. రేపటికి సర్దుకుంటుంది.

నవంబర్ 4, మంగళవారం

సర్దుకోలేదు. రేపటికి.

నవంబర్ 6, గురువారం

అమ్మ ఉండి ఉంటే పురుడు పుట్టింట్లోనే జరిగేది. అమ్మ లేదు కాబట్టి జాలరిపేటలో అత్తగారింట్లోనే. లోటేం చెయ్యలేదు. నడుముకి గుడ్డ కట్టింది, వేడి నీళ్లు పోసింది, కారప్పొడి అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఒక్కటే గొడవ. ఆవిడ వేలు.

నేను పాలివ్వడానికి కూర్చోగానే వచ్చి మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంటుంది. పాప నోరు పెట్టీ పెట్టగానే ఆ చూపుడువేలు వచ్చేస్తుంది. ఏళ్ల తరబడి ఐసులో, పొలుసుల్లో నానిన వేలు, చెక్కలా గట్టిగా ఉంటుంది. పాప ముక్కు దగ్గర రొమ్ముని లోపలికి నొక్కిపెడుతుంది.

“రెండు వేళ్లతో కత్తెరలాగ పట్టమన్నానా నేదా? ముక్కుకి గాలాడాల.”

“పట్టినాను కదత్తా.”

“ఏటి పట్టినావు. ముక్కు సూడు ఎలగ దిగబడిపోనాదో.”

“ముక్కు నీదే వచ్చింది దానికి. ఎంత దిగబడినా పైకే ఉంటాది.”

నవ్వలేదు. మామూలుగా అయితే నాకు రెండు మాటలు తగిలించేది. ఫిషింగ్ హార్బర్లో ఆవిడ నోటికి వేలంపాటవాడే తగ్గుతాడు. పాప పుట్టినప్పటినుంచి అటువైపు వెళ్లలేదు. అడిగితే, “కార్తీకమాసంలో సేపలెవడు కొంటాడే” అంటుంది. నిజమే, పోలిపాడ్యమి దాకా సగం ఊరు చేప ముట్టదు.

ఈ రోజు పాప చాలాసేపు పడుకుంది. మంచి పిల్ల. నిద్రపోయే పిల్లని లేపడం ఎందుకని లేపలేదు.

నవంబర్ 8, శనివారం

షాపులో నా దగ్గర పనిచేసే నీలిమ ఒక్కతే ఉంది. పెళ్లిళ్ల సీజను, పిల్ల మంచిదే కానీ ట్యూబులైటు కింద రంగులు చూస్తుంది. పాలిస్తుంటే వీడియో కాల్.

“అక్కా, కస్టమరు నెమలికంఠం అంటన్నారు. ఇదేనా?”

“అది రామా గ్రీను. పక్కదాన్ని తియ్. కాదు, దాని కింద... అమ్మా.”

“ఏటక్కా అలగరిసినారు?”

“నువ్వు మళ్లీ రామా గ్రీనే తీసినావని.”

“అంత కోపమేటక్కా, బాలింతకి మంచిది కాదు.”

నేను ఆ పిల్లకి వందసార్లు చెప్పాను. రంగు మీద కస్టమరుతో వాదించొద్దు. గుడ్డ తీసుకుని, చీర తీసుకుని, మనిషిని కూడా తీసుకుని రోడ్డు మీదకి, ఎండలోకి వెళ్లు. ఆ తర్వాత మాట్లాడక్కర్లేదు.

కుడివైపు చిట్లింది. కొంచెమే. పాప నోటి చివర ఎర్రగా కనపడితే భయపడ్డాను, అది నాదే. అత్త చూడకముందే తుడిచేశాను. చూస్తే ఊరంతటినీ పిలుస్తుంది.

పాప ఇవాళ కూడా బాగా పడుకుంది.

నవంబర్ 10, కార్తీక సోమవారం

బోటు వచ్చింది. వాసు వచ్చాడు. గడ్డం పెరిగిపోయి, ఎండకి మాడిపోయి, సంచిలో పాలసొరతో. చిన్న సొరచేపలు, బాలింతలకి పాలు పడాలంటే మా వాళ్లకి ఇదే మందు. గంగాలమ్మ ముఖం చూడాలి. ఊళ్లో వాళ్లంతా ఉపవాసాలుండి శివుడికి దీపాలు పెట్టే పూట మా ఇంట్లో సొర ఉడుకుతోంది.

“ఏటత్తా, ఈ రోజు సోమవారం కాదేటి?”

“బాలింతకి కార్తీకం నేదు. తిను.”

విషయమేంటంటే, పాప ఒళ్లు చెయ్యట్లేదని అత్త కనిపెట్టింది. పాలు చాలట్లేదని తీర్పు చెప్పేసింది. పక్కింటి సన్యాసమ్మ వచ్చి పాప తొడ పట్టుకుని చూసి, “నెత్తల్లాగుందే గుంట” అని, ఆ సన్నటి చేపలతో పోల్చి, అవునంది. వాసు కూడా తలూపాడు, వాడికి ఏం తెలుసని.

నేనూ నమ్మాను, రాసుకోవడానికి సిగ్గెందుకు. సరుకు లేకపోతే కస్టమరు కోప్పడుతుంది, అర్థమయ్యే మాటే కదా. సరుకు దింపుదాం. మూడు పూటలా సొరపొట్టు తిన్నాను. తురిమి, వెల్లుల్లి దట్టించి చేసింది, అబద్ధమెందుకు, చాలా బాగుంది.

“పాపకి నా ముక్కా, అమ్మ ముక్కా?” అన్నాడు వాసు దాన్ని ఒళ్లో వేసుకుని.

“ఎవరి ముక్కైనా మీ అమ్మే కాపలా.”

నవ్వాడు. తర్వాత ఎందుకో బయటికి చూస్తూ కూర్చున్నాడు.

నవంబర్ 12, బుధవారం

పొద్దున్నే వాసు మళ్లీ బోటెక్కాడు. స్టాకు దిగింది. ఎంత దిగిందంటే రెండువైపులా బండరాళ్లు. పాప పట్టుకోవడానికి చూస్తుంది, జారిపోతుంది, చూస్తుంది, జారిపోతుంది, అలిసి నిద్రపోతుంది. మంచి పిల్ల.

రేపటికి సర్దుకుంటుంది.

నవంబర్ 13, గురువారం

జ్వరం. కుడివైపు ఎర్రగా, ముట్టుకోనివ్వట్లేదు. అత్త ఇంకో గిన్నె సొర పెట్టింది. వాసన చూసి వెనక్కి తోసేశాను. ఆవిడ గిన్నె తీసేసి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

నవంబర్ 14, శుక్రవారం

ఆసుపత్రికి వెళ్లి వచ్చాం. వరసగా రాయాలి, లేకపోతే నాకే గజిబిజి అవుతుంది.

పాపని తూకం వేశారు. పుట్టినప్పటి బరువుకి ఇంకా రాలేదు. ఈపాటికి దాటిపోవాలట.

“నిద్ర ఎక్కువా?” అంది డాక్టరమ్మ.

“చాలా మంచి పిల్లండి, అస్సలు ఏడవదు” అన్నాను, గొప్పగా.

“ఏడవడానికి ఓపిక లేదమ్మా దానికి.”

నాకు నొప్పి లేని పూటల్ని పాప మంచితనం ఖాతాలో వేసుకున్నాను. సరే. ఇక వెయ్యను.

నాకు జ్వరానికి మాత్రలు రాసింది. ఆ వైపు కూడా పాలివ్వాలట, ఆపితే ఇంకా గట్టిపడుతుందట. వచ్చే శుక్రవారం మళ్లీ తూకం. అప్పటికి పెరగకపోతే పాపని చేర్చుకుని డబ్బాపాలు మొదలుపెడతామంది. ఈలోపు తడిపే గుడ్డలు తగ్గినా, లేపితే లేవకపోయినా వెంటనే తీసుకురమ్మంది. డబ్బాపాలు తాగి ఏనుగు పిల్లల్లా పెరిగినవాళ్లు నా కస్టమర్లలో బోలెడు మంది, అదేం తప్పు కాదు. కానీ ఇక్కడ గోడౌను నిండి తలుపులు బద్దలవుతుంటే బయట కొనడమేమిటి. నా బాధ అది.

తర్వాత మమ్మల్ని ధనలక్ష్మి సిస్టర్ దగ్గరికి పంపారు. పాలివ్వడం నేర్పేది ఈవిడే. లావుపాటి మనిషి, నడుము మీద చేతులు పెట్టుకుని నా రొమ్ము వైపు కాయగూరలు బేరమాడుతున్నట్టు చూసింది.

“పాలు లేవన్నదెవరు?”

అత్త నన్ను చూసింది, నేను అత్తని.

“ఏం తింటున్నావు?”

“పాలసొరండి.”

“రోజూనా?”

“పూటపూటకీ” అంది అత్త.

“తింటే తిన్నారు, బలమే. పాలున్నాయి తల్లీ. బిడ్డ నోట్లోకి వెళ్లట్లేదు, అంతే. ఎలా ఇస్తావో ఇచ్చి చూపించు.”

కూర్చున్నాను. రెండు వేళ్లతో కత్తెర పట్టు పట్టాను. పాప నోరు పెట్టింది. అత్త వేలు వచ్చింది.

“ఆ వేలు తియ్యమ్మా.”

“ముక్కండి...”

“ముక్కుకేం కాదు. చంటిబిడ్డ ముక్కు చప్పిడిగా ఎందుకుంటుంది? పక్కలనుంచి గాలి పీల్చుకోడానికే. నువ్వు అలా వెనక్కి నొక్కుతుంటే రొమ్ము నోట్లోంచి జారిపోయి చివర ఒక్కటే మిగులుతోంది. బిడ్డ దాన్నే నములుతోంది. తల్లికి పుండు, పిల్లకి పస్తు.”

గంగాలమ్మ వేలు తీసింది. సిస్టర్ పాపని నా చంక కిందకి తిప్పింది, కాళ్లు వెనక్కి, తల ముందుకి. లైనింగు తాను చంకలో ఇరికించుకుని మెట్లు దిగుతాను నేను, అచ్చం అలా. మెడ కింద, భుజాల దగ్గర చెయ్యి వెయ్యమంది. నువ్వు వంగకు, పిల్లని తెచ్చుకో అంది. పాప ఆవలించినట్టు పెద్దగా నోరు తెరిచేదాకా ఆగు, గడ్డం ముందు ఆనించు అంది. పాప తెరిచింది. దగ్గరకి లాక్కున్నాను.

మొదటి క్షణం మండింది. తర్వాత లేదు. నొప్పి లేకపోతే ఎలా ఉంటుందో నాకు తెలియనే తెలియదు, అందుకని ఏదో తప్పు జరిగిందనుకున్నాను. అప్పుడు గుటక వినపడింది. ఇంకోటి. చిన్న సీసాలోంచి నీళ్లు వంపినట్టు.

అంతలో వేలు మళ్లీ వచ్చేసింది. జారిపోయింది. పాప ఏడ్చింది.

“అమ్మా” అంది సిస్టర్.

“నాను పెట్నేదండి. అదే వచ్చీసింది” అంది అత్త, చేతిని ఇంకెవరిదో అన్నట్టు చూసుకుంటూ.

సిస్టర్ ఆవిడకి మందుల చీటీ ఇచ్చి కిందకి పంపేసింది. ఆవిడ తిరిగొచ్చేలోపు పాప ఒకవైపు పూర్తిగా తాగింది. మిగిలిన పాలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టమని సిస్టర్ నేర్పించింది.

వచ్చేటప్పుడు ఆటో డ్రైవరు ఎక్కువ అడిగినా అత్త బేరమాడలేదు. నాకు జ్వరంలో కూడా అది వింతగా అనిపించింది.

నవంబర్ 15, శనివారం

ఇంట్లో సిస్టర్ లేదు. వేలు ఉంది.

వద్దంటే తీస్తుంది, కన్ను మూసి తెరిచేలోపు మళ్లీ పెడుతుంది. చివరికి నేను గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. తలుపు అవతల కూర్చుంది.

“ఒలే కోడలా, ముక్కు సూత్తన్నావా?”

“సూత్తన్నానత్తా.”

“ఊపిరి తీత్తందా?”

“తీత్తంది.”

“మాటాడదేటి గుంట?”

“నోట్లో పాలుంటే ఎలగ మాటాడతాది?”

నవ్వొచ్చేది, ఇంకో రోజైతే. ఆవిడ అడిగినప్పుడల్లా నా భుజం బిగుసుకుంటుంది, నేను బిగుసుకోగానే పాప జారిపోతుంది. రోజంతా అదే. ఉగ్గుగిన్నెతో పట్టిందే లోపలికి వెళ్లింది. దేవుడా, ఆ గిన్నె మటుకు అత్తే తోమి, మరగబెట్టి ఇస్తోంది, ఒక్కసారి కూడా మర్చిపోకుండా.

జ్వరం తగ్గింది. అదొకటి బాగుంది.

నవంబర్ 16, ఆదివారం

ఈ రోజు గట్టిగా అన్నాను. పెళ్లయ్యాక ఆవిడతో ఆ గొంతుతో మాట్లాడటం ఇదే మొదలు.

“అత్తా, ఏలు తియ్యి.”

“తియ్యను.”

“సిస్టరు సెప్పింది ఇన్నావా నేదా? శుక్రవారానికి బరువు పెరక్కపోతే గుంటని ఆసుపత్రిలో పెట్టీసుకుంటారు. నీ ఏలు వల్లే ఆకలితో ఉంటంది అది.”

ఆ చివరి మాట అనాల్సింది కాదు. అన్నాను.

ఆవిడ వేలు తీసి కొంగులో చుట్టుకుంది. గుమ్మం వైపు చూస్తూ చెప్పింది. ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను.

“వాసుగాడికంటే ముందొక గుంట ఉండీది నాకు. సేపలమ్మీసి వచ్చి పాలిత్తా కూకున్నాను. కూకున్నసోటే కన్నంటుకుంది. లెగిసి సూత్తే సల్లగా ఉంది. ముక్కు మూసీసినావు, నువ్వే సంపీసినావంది మా అత్త. పేటంతా అదే అంది.”

పాపని భుజం మీద వేసుకుని ఆవిడ పక్కకి జరిగాను.

“జబ్బేమైనా ఉందా అత్తా ఆ పాపకి?”

“జొరం. మూడ్రోజుల్నించి కాల్తానే ఉంది. పాలు ముట్నేదు.”

“మరి జొరమని సెప్పలేదా ఎవరికీ?”

“ఎవులడిగినారు?”

అంతే. లేచి వెళ్లి ఉగ్గుగిన్నె తోమడం మొదలుపెట్టింది. తోమిన గిన్నెనే మళ్లీ తోముతోంది. పాప ఏడిచింది. ఓపిక వచ్చిందన్నమాట.

నవంబర్ 17, సోమవారం

నిన్నంతా ఆలోచించాను. ఆవిడకి ముక్కుకేం కాదని సిస్టర్ చెప్పింది, నేను చెప్పాను. అది రంగు మీద వాదించడమే. ఇన్నేళ్లుగా ట్యూబులైటు కింద చూస్తున్న మనిషికి నోటితో చెప్తే ఎలా నమ్ముతుంది.

పొద్దున్నే పీట తీసుకెళ్లి గుమ్మంలో, ఎండ పడే చోట వేశాను. వీధి కనపడకుండా చీర అడ్డం కట్టాను. తలగడ పెట్టుకున్నాను.

“అత్తా, ఇలగ రా. కూకో.”

“నన్నెందుకు, మళ్లీ ఏలు పెడతాను.”

“పెట్టు. పెట్టమనే పిలిసినాను. కానీ నొక్కడానికి కాదు.”

పాపని చంక కిందకి తిప్పాను. నోరు తెరిచేదాకా ఆగాను. లాక్కున్నాను. పట్టింది. ముక్కు రొమ్ముకి ఆనిపోయింది, పూర్తిగా. గంగాలమ్మ ఊపిరి బిగబట్టడం నాకు వినపడింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ వేలిని పాప ముక్కు పక్కన, తగిలీ తగలకుండా పెట్టాను.

“ఏటైనా తెలుత్తందా?”

ఇంకొంచెం ముందుకి వంగింది.

“అత్తా?”

“ఉండు.”

ఎండలో పాప ముక్కు పక్క సన్నగా ఉబ్బడం, తగ్గడం నాకే కనపడుతోంది. అప్పుడప్పుడు గుటక. ఆవిడ వేలు కదల్లేదు. పక్కనుంచి సన్యాసమ్మ “ఏటర్రా గుమ్మంలో పంచాయితీ” అని అరిస్తే అత్త తల కూడా తిప్పకుండా రెండో చేత్తో ఊరుకోమన్నట్టు ఊపింది.

“ఎచ్చగా తగుల్తంది” అంది కాసేపటికి.

“ఏటి?”

“ఊపిరే.”

అంతసేపూ అలాగే ఉంది. పాప తాగి, తాగి, తనంతట తానే వదిలేసి, చేతులు రెండూ వేలాడేసింది. కల్లు తాగిన బాపతు. నాకు నొప్పి లేదు. అబద్ధం, ఉంది, పాత పుండు మానాలి కదా. కానీ కొత్తది పడలేదు.

అత్త లేచి ముఖం కడుక్కుంది. “సొర వండనా?” అంది.

“కొన్నాళ్లు పప్పు పెట్టు తల్లీ.”

నవంబర్ 18, మంగళవారం

వేలు ముక్కు పక్కనే. అన్ని పూటలా.

నవంబర్ 19, బుధవారం

మధ్యాహ్నం ఒక పూట పట్టు సరిగా కుదర్లేదు. నేనే తొందరపడ్డాను, నీలిమ ఫోను మోగుతుంటే పాప నోరు సగం తెరిచినప్పుడే లాగేశాను. చురుక్కుమంది. నా చిటికెనవేలు దాని నోటి మూల పెట్టి విడిపించి, మళ్లీ మొదలుపెట్టాను. ఫోను మోగనిచ్చాను. కస్టమరు పోతే పోయింది, ఇంకోసారి వస్తుంది. రాకపోయినా ద్వారకా నగర్ దాకా వెళ్లి తిరిగి నా దగ్గరికే రావాలి, నెమలికంఠం అక్కడెవరి దగ్గరా లేదు.

అత్త నా వెనక తలగడ సర్ది, “నడుం పట్టీసుకుంటాది నీకు” అని ఇంకో దుప్పటి మడిచి పెట్టింది. ముక్కు పక్కన వేలు పెట్టడం మర్చిపోయింది. మధ్యలో గుర్తొచ్చి పెట్టింది.

గుడ్డలు ఆరేయడానికి తాడు చాలట్లేదు. వల కట్టే తాడు ఇంకోటి కట్టింది.

నవంబర్ 21, శుక్రవారం

పోలిపాడ్యమి. తెల్లవారకముందే ఆడవాళ్లంతా సముద్రం దగ్గర అరటిదొప్పల్లో దీపాలు వదిలారు. మేం వెళ్లలేదు, పురిటి ఇల్లు. ఆసుపత్రికి వెళ్లాం.

తూకం మీద పాప కాళ్లు కొట్టుకుంది. అంకె నిలబడే దాకా సిస్టర్ ఆగమంది. నేను అంకె చూడలేదు, డాక్టరమ్మ ముఖం చూశాను. బేరంలో కూడా నేను ముఖమే చూస్తాను.

“దాటింది” అంది.

పుట్టినప్పటి బరువు దాటింది. బాగానే దాటిందట. చేర్చుకోనక్కర్లేదు. ఉగ్గుగిన్నె మెల్లగా తగ్గించుకోమంది, రెండువారాలకి మళ్లీ రమ్మంది.

ధనలక్ష్మి సిస్టర్ నా పుండు చూసి, మానుతోంది, పాలిచ్చాక ఒక చుక్క నీ పాలే రాసి ఆరనివ్వు చాలంది. అత్త వైపు చూసి, “వేలేం చేశావమ్మా?” అంది.

“డూటీ మార్సీసినాను” అంది గంగాలమ్మ.

ఆటో దగ్గర డ్రైవరుతో బేరమాడింది. వాడు ఓడిపోయాడు.

నవంబర్ 23, ఆదివారం

కార్తీకం అయ్యాక మొదటి ఆదివారం. ఊరు మొత్తం చేపల కోసం ఎదురుచూసే రోజు. పొద్దున్నే వంజరం చేపల బోట్లు వచ్చాయని వీధిలో కబుర్లు. నేను పాలిస్తున్నాను, ఎడమవైపు. అత్త స్నానం చేసి, చీర కుచ్చిళ్లు ఎత్తి నడుములో దోపుకుని, చూరు కింద బోర్లించిన చేపల తట్ట తీసింది. నేను తల వంచుకుని పాపనే చూస్తున్నాను. మాట్లాడితే ఆగిపోతుందేమోనని.

గుమ్మంలో నిలబడింది.

“తాగతందా?”

“తాగతంది.”

“మంచిగా పట్టిందా?”

“పట్టింది.”

దగ్గరకి వస్తుందేమోనని వేలికి చోటిచ్చి కొంచెం జరిగాను. రాలేదు. తట్ట నెత్తిన పెట్టుకుంది.

“సాయంత్రానికి నెత్తళ్లు తెత్తాను. పులుసెడతాను. అన్నం దాకలో ఉంది, సల్లారిపోకముందే తినీ.”

“సరే అత్తా. బేరం గట్టిగా ఆడు.”

“నాకు సెప్తన్నావేటే.”

వెళ్లింది. చెప్పుల చప్పుడు వీధిలోకి దిగింది. పాప గుటకలు, నా బొటనవేలు, ఇంట్లో ఇంకేం చప్పుడు లేదు. పురుడైనప్పటినుంచి మేమిద్దరమే ఉండటం ఇదే మొదటిసారి.

కుళాయి దగ్గర సన్యాసమ్మ గొంతు.

“ఏటి గంగాలూ, రేవుకేటి? పాలిచ్చేకాడ కోడల్నొక్కద్దాన్నీ వదిలీసినావా?”

చెప్పులు ఆగాయి. నేను కూడా టైపింగు ఆపి విన్నాను.

“ఒక్కద్దేటే” అంది మా అత్త, “ఇద్దరున్నారు కాదేటి.”

చెప్పులు మళ్లీ కదిలాయి, బేగి బేగి, రేవు వైపు.